గేటు బయటి మొదటి 14 రోజులు: జైళ్ళ అధికారులకు బహిరంగ లేఖ

విడుదల ఉత్తర్వుల మీద సంతకం చేసే గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను తొమ్మిదేళ్ళు శిక్ష అనుభవించి, విడుదలై ఏడేళ్ళవుతున్న మనిషిని. చేయని నేరానికి జైలుకు వెళ్ళానని చెప్పుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. నేరం నేనే చేశాను. దానివల్ల ఒక కుటుంబానికి జరిగిన నష్టం నా శిక్షతో తీరిపోయిందని ఏనాడూ అనుకోలేదు, ఇకముందూ అనుకోను. ఆ తొమ్మిదేళ్ళూ నేను ఎక్కడ పడుకోవాలో, ఎన్నింటికి లేవాలో, ఏ మాత్ర ఏ పూట మింగాలో అన్నీ మీ శాఖే నిర్ణయించింది, ప్రతిదీ ఏదో ఒక రిజిస్టరులో రాసిపెట్టింది. విడుదలైన రోజు రాత్రి నేను ఎక్కడ తల వాల్చుతానన్నది మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ ఖాళీ గడి గురించే ఈ లేఖ.

నా విన్నపం ఒక్కటే. విడుదలకు ఆరు నెలల ముందు మొదలై, విడుదల తర్వాత మూడు నెలల దాకా సాగే ఏర్పాటు ప్రతి ఖైదీకీ పేరుపేరునా ఉండాలి. ఎక్కడ ఉంటాడు, ఏ మందు వాడతాడు, చేతిలో ఏ కాగితాలున్నాయి, ఎవరిని కలుస్తాడు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాయకుండా ఎవరినీ గేటు దాటించకూడదు. మనసున్న ఒక సూపరింటెండెంటు ఉన్నచోట జరిగి, ఆయన బదిలీ కాగానే ఆగిపోయే మంచిపనిలా ఇది ఉండకూడదు. మీ విధుల్లో భాగంగా రాసి ఉండాలి.

ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు. 1955లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు ఖైదీల విషయంలో పాటించవలసిన కనీస ప్రమాణాలను ఆమోదించింది. 2015లో సర్వప్రతినిధి సభ వాటిని సవరించి, నెల్సన్ మండేలా పేరు పెట్టింది. మొత్తం 122 నియమాలు. ఖైదీ విడుదలతో సమాజం బాధ్యత ముగిసిపోదని 90వ నియమం చెబుతుంది. విడుదల తర్వాతి జీవితం గురించి శిక్ష మొదలైన నాటినుంచే ఆలోచించాలని 107వది చెబుతుంది. గుర్తింపు పత్రాలు, తలదాచుకునే చోటు, పని, వాతావరణానికి తగిన బట్టలు, గమ్యం చేరడానికీ ఆ తర్వాత కొద్దిరోజులు గడవడానికీ సరిపడే డబ్బు సమకూర్చాలని 108వ నియమం ఒక్కొక్కటిగా పేర్కొంటుంది. నేను ఈ నియమాలను విడుదలైన రెండేళ్ళకు చదివాను. బట్టల సంగతి కూడా మరిచిపోకుండా రాసినవారికి, చలికాలంలో పలచటి చొక్కాతో బయటికి వచ్చిన మనిషి ఎవరో ఒకరు కళ్ళముందు మెదిలి ఉంటారనిపించింది.

నా విడుదల ఎలా జరిగిందో చెబుతాను. వరుస సెలవులకు ముందురోజు సాయంత్రం నన్ను గేటు ఆఫీసుకు పిలిచారు. సంతకం పెట్టించుకుని, తొమ్మిదేళ్ళ కిందట నా ఒంటి మీదనుంచీ జేబుల్లోనుంచీ తీసిపెట్టిన వస్తువులను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి చేతికిచ్చారు. ఆగిపోయిన చేతి గడియారం, గడువు తీరిన గుర్తింపు కార్డు, బిగించడానికి రంధ్రం చాలని బెల్టు, ఒక పాత ఫోను. ఆ ఫోనుకు పట్టే చార్జరు ఇప్పుడెవరూ అమ్మడం లేదని తర్వాత తెలిసింది. నేను అప్పటికి నాలుగేళ్ళుగా రక్తపోటుకూ నిద్రకూ మాత్రలు వాడుతున్నాను. ఆ ఉదయం ఇచ్చిన మాత్రలే ఆఖరివి. బయట వాడుకోవడానికి ఒక్క స్ట్రిప్ ఇవ్వలేదు. ఏ మందు ఎంత మోతాదులో తీసుకుంటున్నానో రాసిన చీటీ అయినా ఇవ్వలేదు. అడిగితే, జైలు ఆసుపత్రి గది తాళం వేశారని చెప్పారు.

గేటు ముందున్న రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. జైల్లో చూపు ఎటు తిప్పినా కొద్ది దూరంలోనే ఒక గోడకు తగిలి ఆగిపోతుంది. దూరాన కనిపించే వాహనం ఎంత వేగంగా వస్తోందో, నేను అవతలికి చేరేలోగా నన్ను అందుకుంటుందో లేదో నా కళ్ళు లెక్క కట్టలేకపోయాయి. రెండుసార్లు అడుగు ముందుకు వేసి వెనక్కి తీసుకున్నాను. చివరికి ఒక పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని దాటించారు. నాకప్పుడు నలభై ఒక్క ఏళ్ళు.

ఆ తర్వాతి మూడు రోజులూ ఆఫీసులు తెరవలేదు. కార్డు కొత్తది చేయించుకోవడానికి గాని, ఆసుపత్రిలో పేరు రాయించుకోవడానికి గాని, సహాయం అడగడానికి గాని వెళ్ళే చోటే లేదు. తెరిచిన చోటల్లా ఒక్కటే, నా పాత సావాసం. నా విడుదల తేదీ మా అక్కకు తెలియదు గాని, వాళ్ళకు తెలిసింది. మొదటి రాత్రే ఒకడు నన్ను వెతుక్కుంటూ బస్టాండుకు వచ్చాడు. పడుకోవడానికి చోటు, చేతి ఖర్చుకు డబ్బు, మాట్లాడుకోవడానికి ఫోను అన్నీ చూపించాడు. నేను వెళ్ళకపోవడం నా గొప్పతనమని చెప్పుకోను. అక్క తొమ్మిదేళ్ళపాటు నెలకొక ఉత్తరం రాసింది, ఆ కవర్ల మీది చిరునామా నాకు నోటికి వచ్చు, వెళ్ళడానికి ఒక చోటు ఉంది కాబట్టి వెళ్ళలేదు. అటువంటి అక్క లేని మనిషి ఆ రాత్రి ఎవరితో వెళ్తాడో మీకు నాకంటే బాగా తెలుసు, అతణ్ణి మళ్ళీ లోపలికి తీసుకునేది మీరే కాబట్టి.

వారాంతానికి ముందు వదలడం వల్ల ఇలాంటి చిక్కులు వస్తాయని గుర్తించి, ఇంగ్లాండు, వేల్స్‌లకు వర్తించేలా 2023లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. విడుదల తేదీ శుక్రవారమో, సెలవుకు ముందురోజో పడి, ఆ మనిషికి బయట అవసరమైన సేవలు అందే వీలు లేకపోతే, రెండు పనిదినాల వరకు ముందుగానే వదలవచ్చునని ఆ చట్టం అధికారమిస్తుంది. దీనికోసం కొత్త భవనాలు కట్టనక్కరలేదు. క్యాలెండరు చూసి తేదీ రాయడమే.

ఇక మరణాల సంగతి. మా బ్యారక్‌లో నా పక్క పడక మీద ఒక కుర్రవాడు ఉండేవాడు. మత్తు అలవాటు కోసం దొంగతనాలు చేసి దొరికిపోయాడు. పద్నాలుగు నెలలు మత్తు ముట్టలేదు. ముఖంలోకి కళ వచ్చింది, అక్షరాలు దిద్దుకుని వాళ్ళమ్మకు సొంతంగా ఉత్తరం రాయగలిగాడు. ఆ మొదటి ఉత్తరంలో తప్పులు దిద్దమని నా దగ్గరికి తెస్తే, దిద్దకుండానే పంపమన్నాను. విడుదలైన నాలుగో రోజున అతను మునుపటి మోతాదే తీసుకున్నాడు. ఐదో రోజున మాకు కబురు వచ్చింది.

అతని చావుకు మనోబలం లేకపోవడమే కారణమని లోపల చాలామంది అన్నారు. అది నిజం కాదు. హెరాయిన్ వంటి ఓపియాయిడ్ రకం మత్తుమందులకు అలవాటుపడిన శరీరం క్రమంగా ఎక్కువ మోతాదును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మానేసిన కొన్ని వారాల్లోనే ఆ తట్టుకునే శక్తి పోతుంది. కోరిక మిగిలి ఉంటుంది, చేతికి పాత మోతాదే గుర్తుంటుంది, కాని శరీరం మొదటిసారి తీసుకునేవాడి శరీరంలా ఉంటుంది. దాంతో ఊపిరి మందగించి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ళనుంచి 1999 జూలై, 2003 డిసెంబరు మధ్య విడుదలైన 30,237 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వయసు మొదలైన తేడాలను సర్దిచూసినా, విడుదలైన మొదటి రెండు వారాల్లో వారి మరణ ప్రమాదం ఆ రాష్ట్రంలోని మిగతా జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఎక్కువ. మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదమైతే 129 రెట్లు. గుండెజబ్బులు, హత్యలు, ఆత్మహత్యలు కూడా ముఖ్యమైన కారణాల్లో ఉన్నాయి. అంటే గేటు దాటిన తర్వాతి 14 రోజులు ఖైదీకి ప్రాణాపాయం మెండుగా ఉన్న రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే అతని గురించి పట్టించుకునే అధికారి ఎవరూ ఉండరు.

ఆగిపోతున్న ఊపిరిని తిరిగి నిలబెట్టే నాలోక్సోన్ అనే మందు ఉంది. దాన్ని వాడడం మామూలు మనుషులు కూడా కొద్ది సేపట్లో నేర్చుకోవచ్చు. స్కాట్లండ్ 2011లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో, ప్రమాదం ఉన్న ఖైదీలకు విడుదల సమయంలో ఆ మందును ఇచ్చి పంపే ఏర్పాటు చేసింది. ఆ కుర్రవాడి ప్లాస్టిక్ సంచిలో దానికి చోటు ఉండేది.

మత్తు ఒక్కటే కాదు. క్షయకు మందులు సాధారణంగా నెలల తరబడి, చాలామంది విషయంలో ఆరు నెలలు, విడవకుండా వాడాలి. మూడో నెలలో విడుదలైన రోగి మందు దొరక్క మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రూపం తీసుకునే ప్రమాదం కూడా ఉంటుంది, ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుంది. హెచ్ఐవీ మందులు ఆపితే అణగి ఉన్న వైరస్ మళ్ళీ పెరుగుతుంది. మూర్ఛ మాత్రలు, మనోవ్యాధి మాత్రలు హఠాత్తుగా ఆపడం ఎంత ప్రమాదమో మీ వైద్యులను అడిగితే చెబుతారు. జైల్లో మొదలైన చికిత్స బయట తెగిపోకుండా వైద్యసేవలను ఏర్పాటు చేయాలని మండేలా నియమాల్లో 24వది చెబుతున్నది ఇందుకే. నార్వేలో జైల్లోని వైద్యులు, ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు జైలు శాఖ ఉద్యోగులు కారు. బయట ప్రజలకు ఆ సేవలందించే స్థానిక వ్యవస్థలే లోపలికీ పంపుతాయి. అక్కడ ఖైదీ విడుదలైతే మారేది అతని చిరునామా మాత్రమే, వైద్యం చూసే వ్యవస్థ అదే. మీరు అంత దూరం ఒక్కసారిగా వెళ్ళలేకపోవచ్చు. నెలకు సరిపడా మాత్రలు, వాడుతున్న మందుల చీటీ, బయటి ఆసుపత్రిలో ఫలానా రోజు ఫలానా వైద్యుణ్ణి కలవాలని ముందుగా రాయించిన తేదీ, ఈ మూడూ రేపటినుంచే ఇవ్వగలరు.

కాగితాల విషయం మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. కార్డు కావాలంటే చిరునామా చూపమంటారు, గది అద్దెకు కావాలంటే కార్డు చూపమంటారు, జీతం పడడానికి బ్యాంకు ఖాతా కావాలంటే రెండూ చూపమంటారు. తొమ్మిదేళ్ళు ప్రభుత్వం కళ్ళముందే, ప్రభుత్వ నిర్బంధంలోనే ఉన్న మనిషి తానెవరో ఆ ప్రభుత్వానికే రుజువు చేసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. గడువు తీరిన కార్డును లోపల ఉండగానే మార్పించి ఉంటే ఆ నాలుగు నెలలూ అక్క మీద భారం పడేది కాదు.

పని గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. లోపల నేను వడ్రంగం నేర్చుకున్నాను. మా మేస్త్రీ చేతిపని తెలిసిన మనిషి, చిత్రిక పట్టిన చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఎక్కడ ఎగుడు ఉందో చెప్పేవాడు. పరీక్ష పాసైతే సర్టిఫికెట్టు ఇచ్చారు. దాని మీద పెద్ద అక్షరాలతో జైలు పేరు, కింద జైలు ముద్ర. నేను వెళ్ళిన ప్రతి పనిచోటా యజమాని చూపు ముందు ఆ ముద్ర మీద పడేది, ఆ తర్వాత నా పని గురించి అడిగేవారు కారు. లోపలి చదువు బయటి విద్యావ్యవస్థతో కలిసి ఉండాలని, విడుదల తర్వాత ఇబ్బంది లేకుండా కొనసాగించగలిగేలా ఉండాలని 104వ నియమం చెబుతుంది. అదే పరీక్షను బయటి సాంకేతిక విద్యామండలి చేత పెట్టించి, ఆ మండలి పేరుతోనే పత్రం ఇప్పించండి. నేర్చుకున్న పని అదే, మేస్త్రీ అతనే, ముద్ర ఒక్కటి మారితే చాలు.

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక పరిశోధకురాలు జరిపిన ప్రయోగం ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అర్హతలన్నీ ఒకేలా చూపించిన యువకులను ఉద్యోగాలకు పంపి, కొందరి దరఖాస్తులో మాత్రం జైలు శిక్ష ఉన్నట్టు రాయించారు. తెల్లజాతి యువకుల్లో శిక్ష లేనట్టు చూపినవారికి 34 శాతం చోట్ల పిలుపు వస్తే, ఉన్నట్టు చూపినవారికి 17 శాతం చోట్లే వచ్చింది. నల్లజాతి యువకుల్లో ఆ అంకెలు 14, 5. నిజానికి వాళ్ళెవరూ ఖైదీలు కారు. ఆ ఒక్క వాక్యమే వాళ్ళ అవకాశాలను సగానికీ అంతకంటే తక్కువకూ తగ్గించింది. నాకు చివరికి పని ఇచ్చిన యజమాని సర్టిఫికెట్టు అడగలేదు. రెండు చెక్కలు ఇచ్చి, మేకు కొట్టకుండా జోడించి చూపమన్నారు. జోడించాను. చేత్తో ఊపి చూసి, సోమవారం రమ్మన్నారు. జైలు సంగతి నేనే చెప్పాను. విని, సోమవారం ఎనిమిదింటికి అని మళ్ళీ అన్నారు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను.

ఇల్లు, మందు, పని అన్నీ కుదిరినా తేలికగా కుదుటపడనిది ఒకటి ఉంది, అది లోపలి మనిషి. జైల్లో రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది. అక్క ఇంట్లో చీకటి పడితే నాకు నిద్ర పట్టేది కాదు. తెల్లవారుజామున జైల్లో ఖైదీలను లెక్కపెట్టే వేళకు దానంతట అదే మెలకువ వచ్చి, మంచం పక్కన నిలబడేవాణ్ణి. ఒకరోజు అక్క చూసి, “ఎందుకురా అలా నిలబడ్డావు, కూర్చో” అంది. లెక్క ముగిసేదాకా కూర్చోకూడదని ఆమెకు ఎలా చెప్పను? సబ్బు తెమ్మని పంపితే, అరల నిండా ఉన్న రకరకాల సబ్బుల ముందు చెమటలు పట్టి, ఏదీ ఎంచుకోలేక వట్టి చేతులతో తిరిగి వచ్చాను. రెండో వారంలో అక్క ఇంటి తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళలో నేను తాళంచెవి పట్టుకోవడం అదే మొదలు. ఆ రోజంతా జేబులో చెయ్యి పెట్టి అది ఉందో లేదో చూసుకుంటూనే ఉన్నాను.

దీపం ఆర్పి పడుకోవడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో కొంత భాగమైనా లోపలే మొదలుపెట్టించవచ్చు. శిక్ష చివరి నెలల్లో మనిషి తన బట్టలు తానే ఉతుక్కుని, తన వంట తానే వండుకుని, తన కొద్దిపాటి డబ్బుకు తానే లెక్క రాసుకుని, పగటిపూట బయటి పనికి వెళ్ళివచ్చే ఏర్పాటు చేయండి. సమాజంలోకి క్రమక్రమంగా తిరిగి వెళ్ళేలా ముందుగానే చర్యలు తీసుకోవాలని 87వ నియమం అడుగుతున్నది ఇదే. తొమ్మిదేళ్ళపాటు ఒక్క నిర్ణయమూ చేయనివ్వని మనిషిని పదో ఏట అన్ని నిర్ణయాలూ ఒక్కరోజులో చేసుకోమనడం న్యాయం కాదు. విడుదల తర్వాత మూడు నెలలపాటు వారానికొకసారి మాట్లాడే ఒక మనిషిని, వీలైతే ఈ దారిన ముందు నడిచినవారినే, కేటాయించండి. దీనికి నావంటివాళ్ళం చాలామందిమి వస్తాం. పిలిచినవారు లేరు.

కుటుంబాన్ని మీరు ములాఖత్ గదిలో ఒక హాజరుగా మాత్రమే చూస్తారు. మా అక్క ఆ గదిలో కూర్చోవడానికి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చేది, కొన్నిసార్లు ఏదో కారణంతో ఆ పూట ములాఖత్ రద్దయిందని చెప్పి వెనక్కి పంపేవారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర దిద్దుబాటు శాఖ తన జైళ్ళనుంచి విడుదలైన 16,420 మందిపై జరిపి 2011లో వెలువరించిన అధ్యయనంలో, శిక్షాకాలంలో ఎవరో ఒకరు వచ్చి కలిసినవారు తిరిగి పెద్ద నేరానికి శిక్షపడే అవకాశం 13 శాతం తక్కువగా తేలింది. ములాఖత్‌ను మంచి ప్రవర్తనకు ఇచ్చే బహుమానంగా చూడవద్దు. విడుదల తేదీ ఖరారైన రోజే ఖైదీ అనుమతితో అతని ఇంటివారికి తెలియజేయండి. మా అక్కకు ఆ ఒక్క కబురు అంది ఉంటే, బస్టాండులో నన్ను వెతుక్కుంటూ మొదట వచ్చింది ఆమే అయ్యేది.

బాధితులకు దక్కని శ్రద్ధ నేరస్థులకు దేనికని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న ముందు నేను తల వంచుకుంటాను. బాధితులకు అందవలసింది అందడం లేదన్న మాట నిజం, అందాలి. కాని నా విడుదల సరిగ్గా జరగకపోతే, ఆ లోటుకు మూల్యం చెల్లించేది నా పాత బాధితులు కారు, ఇంకా నా ఎదుటపడని కొత్త కుటుంబం. తిరిగి లోపలికి వచ్చినవాణ్ణి ఏళ్ళ తరబడి పోషించే ఖర్చుతో పోలిస్తే, ఒక నెల మాత్రలు, ఒక కార్డు, ఒక మనిషి తోడు ఏపాటి?

రేపటి విడుదల జాబితా ఈపాటికి మీ బల్ల మీదికి వచ్చి ఉంటుంది. అందులోని పేర్లలో ఎవరు రోజూ మందులు వాడుతున్నారో జైలు ఆసుపత్రి రిజిస్టరు తెప్పించి చూడండి. ఎవరికి నిరుడంతా ఒక్క ములాఖత్ కూడా రాలేదో చూడండి. వారిని సాయంత్రం వదలకుండా, ఉదయం ఆఫీసులు తెరిచే వేళకు వదలండి.

ఇట్లు,
మీ జైలునుంచి ఏడేళ్ళ కిందట విడుదలైన ఒక వడ్రంగి